మా అమ్మ విత్తనాల గంప

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాలుద్దామనుకునే వేళకు మీ ముందుకు వచ్చాను. ఈరోజు మా ప్రాంతం గురించి నాలుగు మాటలు చెబుతాను. అయితే రొట్టె దగ్గర మొదలుపెడతాను. గోధుమ రొట్టె కాదు, జొన్నరొట్టె.

మేముండేది ఎర్రమంజిల్‌లో. సాయంత్రం ఆరు దాటాక పంజగుట్ట వైపో అమీర్‌పేట వైపో నాలుగడుగులు వేశారంటే, రోడ్డు వారన పొయ్యి మీద పెంక పెట్టుకుని, టపటపమని రొట్టెలు కొట్టే ఆడవాళ్ళు కనిపిస్తారు. హాస్టళ్ళలో ఉండి కోచింగులకు వెళ్ళే పిల్లలు, ఆఫీసు నుంచి వచ్చే కోడళ్ళు, షుగరు వచ్చిన పెద్దవాళ్ళు – అందరూ వరుసలో నిలబడి ఉంటారు. మొన్నొక రోజు ఒంట్లో ఓపిక లేక నేనూ నిలబడ్డాను. నా ముందున్నావిడ వెనక్కి తిరిగి, "మా డాక్టరు రాత్రిపూట అన్నం మానెయ్యమన్నాడండీ. మీకు ఈ రొట్టె చెయ్యడం వచ్చునా?" అని అడిగింది.

వచ్చునండీ, అన్నాను. చూడండి, ఆ చిన్న మాట పైకి చెప్పడానికి నాకు పాతికేళ్ళు పట్టింది. ఎందుకో చెబుతాను.

నేను పుట్టింది జహీరాబాద్ దగ్గర ఒక పల్లెలో. ఇక్కణ్ణుంచి బొంబాయి రోడ్డు పట్టుకుని పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట దాటి వెళ్ళాలి. వంద కిలోమీటర్లు, పైన కొంచెం. ఇప్పుడది సంగారెడ్డి జిల్లా, 2016కు ముందు మెదక్. 1956కు ముందైతే మా తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాలు విడగొట్టినప్పుడు బీదరు అటు పోయింది, మేం ఇటు వచ్చాం. కాగితాల మీద గీత పడింది గాని పెళ్ళి సంబంధాలకూ సంతలకూ ఆ గీత పట్టలేదు. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడుతూనే సగంలో కన్నడం దొర్లుతుంది, కోపం వస్తే ఉర్దూ వస్తుంది. ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడు ఉన్నాడు. మొగలిపువ్వు శివపూజకు పనికిరాదని మనమంతా విన్నాం కదా, అక్కడ ఆ పువ్వుతోనే పూజ. జాతరకు వెళితే మూడు భాషల్లో మొక్కులు వినిపిస్తాయి. పీర్ల పండుగకు మలీద చెయ్యని ఇల్లు మా వాడలో లేదు. భాషలు కలిసిపోవడం మన ఎర్రమంజిల్‌కు మాత్రం కొత్తా? నవాబు ఫక్రుల్ ముల్క్ ఇక్కడ గుట్ట మీద మహలు కట్టించి, స్వర్గంలో తోట అనే అర్థంలో ఇరం మంజిల్ అన్నారు. మన జనం నోట అది ఎర్రమంజిల్ అయి కూర్చుంది.

సరే, మా పల్లెకు వస్తాను. మాకు కాలువ నీళ్ళు లేవు. కొన్ని చోట్ల నల్లరేగడి, ఎక్కువ చోట్ల ఎర్రచెలక, రాళ్ళు. వాన పడితే పంట, లేకపోతే లేదు. అటువంటి నేలలో బతకడానికి మా పెద్దవాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. ఒకే పంటను నమ్ముకోవడం కాదు, చెలక నిండా కలగలుపుగా వెయ్యడం. పునాసలో ఎకరం చెలకలో జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, మినుము, బెబ్బర్లు, అనుములు, నువ్వులు, పుంటికూర – అన్నీ కలిపి పదిహేను, ఇరవై రకాలు ఉండేవి. వాన ముందొస్తే కొన్ని నిలుస్తాయి, ఆలస్యమైతే కొన్ని నిలుస్తాయి. పొడుగు జొన్న నీడన పొట్టి పెసర. పెసరా కందీ నేలకు బలం ఇస్తాయి, జొన్న ఆ బలం తింటుంది. యాసంగికి నల్లరేగడిలో మళ్ళీ జొన్న, శనగ, కుసుమ, అవిసె. ఇవి పైరు మీద చినుకు పడకపోయినా నేలలోని తేమకూ రాత్రి మంచుకూ పండేవి. వేరుకు మన్ను తోడుంటే చాలనేది మా నాయనమ్మ.

ఇంకొక సంగతి. విత్తకుండా వచ్చే పంట కూడా ఉంది. అది కూర. వానలు పడ్డాక చెలకలో కలుపు తీయడానికి పోయిన ఆడవాళ్ళు కొంగు నిండా ఆకు కోసుకుని వచ్చేవాళ్ళు. దొగ్గలికూర, జొన్నచెంచలి, గంగవాయిలి, గునుగు, తుమ్మి, పొన్నగంటి. ఏ ఆకు ఎప్పుడు లేతగా ఉంటుందో, దేన్ని పప్పులో వెయ్యాలో, దేన్ని ఉత్తగా వేయించాలో అమ్మలకు తెలుసు. బతుకమ్మకు మనం ఇక్కడ కట్టకింతని బేరమాడి కొనే గునుగు పువ్వు ఉందే, పూతకు రాకముందు అది మా ఊళ్ళో కూర. దానికి డబ్బు ఇవ్వడమేమిటని మొదటిసారి నాకు నవ్వొచ్చింది. పురుగు మందులు, కలుపు మందులు చల్లితే మొదట పోయేవి ఈ కూరలే. పోయాయి కూడా.

తిండి మాట చెప్పాలంటే పొద్దున అంబలి, మధ్యాహ్నం చేనికి సద్ది – రెండు రొట్టెలు, మధ్యలో తొక్కు, ఒక ఉల్లిగడ్డ. రాత్రి గటక, పచ్చిపులుసు. తొలి ఏకాదశికి జొన్నపేలాలు వేయించి బెల్లం కలిపి పేలపిండి. సద్దుల బతుకమ్మకు రొట్టెలు నలిపి బెల్లంతో మలీద ముద్దలు. వరి అన్నం పండగకు, పెళ్ళికి, జ్వరం వచ్చి లేచిన వాళ్ళకు. "బువ్వ తిన్నవా?" అని అడిగితే ఆ రోజు పండగన్న మాట.

డిసెంబరు, జనవరి నడుమ వచ్చే అమావాస్యను మా వైపు ఎల్లమావాస్య అంటారు. బీదరు, గుల్బర్గా వైపూ ఇదే పండుగ. ఇంట్లో ఎవరూ ఉండరు, అందరూ చేనికే. జొన్నచొప్పతో చిన్న గుడిసె వేసి, అయిదు రాళ్ళు పెట్టి, సున్నం పూసి, పాండవులని మొక్కుతారు. సజ్జరొట్టెలు, ఆ కాలంలో దొరికే గింజలూ కూరలూ అన్నీ కలిపి వండిన భజ్జి, అంబలి. ముందు చేను చుట్టూ తిరిగి పైరుకు చల్లి, ఆ తర్వాతే మనుషులు తినాలి. ఎందుకంటే అప్పుడు పైరు పొట్ట మీద ఉంటుంది. కడుపుతో ఉన్న ఆడపిల్లకు సీమంతం చేసినట్టన్న మాట. మా అమ్మ ఆ రోజు చేలో గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు.

ఇప్పుడు గంప సంగతి.

పంట కోతకు నాలుగు రోజుల ముందు అమ్మ ఒక్కతే చేనికి పోయేది. మగవాళ్ళు రాకూడదని నియమమేమీ లేదు, కాని వాళ్ళకు ఆ కన్ను లేదు. సాలు సాలుకూ నడిచి, గింజ నిండుగా ఉన్న కంకులు, పురుగు పట్టనివి, గాలికి పడని దంటువి ఏరి, విడిగా కోసి తెచ్చేది. ఎండబెట్టి, కొట్టి, బూడిద కలిపి, వేపాకు వేసి, పేడా ఎర్రమన్నూ అలికిన గంపల్లో పోసి, పైన మళ్ళీ అలికేసేది. కరువు వచ్చి ఇంట్లో గింజ లేకపోయినా ఆ గంప తెరవకూడదు. ఒక ఏడు మేం పిల్లలం ఆకలికి ఏడుస్తుంటే మా నాయన ఆ గంప వంక చూశాడట. అమ్మ దాని ముందు పీట వేసుకుని కూర్చుందట. ఎవరికైనా విత్తనం లేదంటే మాత్రం ఇచ్చేది. శేరు తీసుకుంటే పంటకు రెండు శేర్లు తిరిగియ్యాలి. పైసలకు అమ్మడం లేదు. మా ఇంట్లో పైసలు నాయన చేతిలో ఉండేవి. కాని ఏ చెలకలో ఏం వెయ్యాలన్న మాట అమ్మ నోట రావాల్సిందే, గంప ఆమెది గనుక.

1998లో నాకు పెళ్ళయి ఎర్రమంజిల్ వచ్చాను. మాది ఒక పోర్షను, పక్క పోర్షనులో ఒక ఉద్యోగస్థుల కుటుంబం. ఆవిణ్ణి పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆవిడ కట్టుకునే చీరలూ, మాట్లాడే తీరూ చూసి నాకు లోపల బెరుకు. మొదటి సంక్రాంతికి అమ్మ వచ్చింది. పచ్చజొన్నలు కొత్తగా విసిరి, పిండి మూట కట్టుకుని, రెండు బస్సులు మారి తెచ్చింది. పచ్చజొన్న అంటే పసుపు రంగు గింజ, మా వైపు రొట్టెకు అదే రుచి. పిన్నిగారు గుమ్మంలోకి వచ్చి, "ఏమిటమ్మాయ్ ఆ మూట?" అంది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "జొన్నపిండి అండీ, పనిమనిషి అడిగితే అమ్మ తెచ్చింది" అన్నాను.

అమ్మ అక్కడే ఉంది. ఏమీ అనలేదు. నిజంగానే ఆ పిండి మా పనిమనిషికి ఇచ్చేశాను. ఇవ్వక తప్పుతుందా మరి, అన్న మాట అన్నాక! మరుసటి ఏడు అమ్మ వచ్చినప్పుడు మూటలో పిండి లేదు. జహీరాబాద్ దుకాణంలో పైసలు పెట్టి కొన్న సన్నబియ్యం ఉన్నాయి.

ఆ తర్వాత పదహారేళ్ళు బతికింది మా అమ్మ. మళ్ళీ జొన్నపిండి తేలేదు, నేను అడగనూ లేదు.

తప్పంతా నాదేనని చెప్పుకుని తప్పించుకోను. జొన్న తినడం చిన్నతనమని నాకు ఎవరూ పాఠం చెప్పలేదు, గాలిలోనే ఉండేది ఆ మాట. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. అప్పటికి నేనింకా బడికి పోని పిల్లను. ఆ బియ్యం లక్షల కడుపులు నింపాయి, అందులో మాదీ ఒకటి. దాన్ని నిందించడానికి నాకు నోరు రాదు. అయితే, రెండు రూపాయలకు తెల్లన్నం వస్తుంటే ఎర్రటి ఎండలో జొన్న ఎవరు పండిస్తారు? కోసేవాళ్ళూ, కొట్టేవాళ్ళూ, విసిరేవాళ్ళూ ఎవరు? ఇసుర్రాయి పెరట్లోకి పోయింది. చెలకలు కొన్ని బీడు పడ్డాయి, కొన్నిట్లో పత్తి, చెరకు, అల్లం, ఆలుగడ్డ వచ్చాయి. రేషనులో ఏం ఇవ్వాలో చూసే పౌరసరఫరాల భవన్ మా ఇంటికి దగ్గరే. అటు నడిచినప్పుడల్లా అనుకుంటాను, ఆ రోజుల్లోనే బియ్యంతో పాటు మా జొన్నలు కూడా కొని మాకే ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో అని. 2013లో వచ్చిన ఆహార భద్రత చట్టంలో జొన్న, సజ్జలకూ చోటుంది, కిలో రూపాయి అని రాశారు కూడా. కాని మా రేషను సంచిలోకి వచ్చింది బియ్యమే. 2025 ఉగాది నుంచి తెలంగాణలో సన్నబియ్యం ఇస్తున్నారు.

ఆ పని మా జహీరాబాద్ ఆడవాళ్ళు ఎప్పుడో చేసి చూపించారు. పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ 1983లో మొదలైంది. మొదలుపెట్టిన వారిలో పి.వి. సతీష్ గారు అంతకుముందు టెలివిజన్ ప్రొడ్యూసరు. 2023 మార్చిలో పోయారు. ఆ సంస్థ ఊరూరా ఆడవాళ్ళ సంఘాలు పెట్టించింది. ఎక్కువమంది దళితులు, ఎకరం, రెండెకరాల వాళ్ళు, చాలామందికి అక్షరం రాదు. 1990ల నడుమ బీడు చెలకలు దున్నించి జొన్నలు పండించి, ఆ జొన్నల్లోంచే అప్పు తీర్చి, ఊళ్ళోనే నిలవ చేసుకుని, పనులు దొరకని నెలల్లో తక్కువ ధరకు ఇచ్చుకున్నారు. అంటే వాళ్ళ రేషను వాళ్ళే నడుపుకున్నారు. సంక్రాంతి నుంచి నెల రోజుల పాటు బండ్ల మీద విత్తనాల గంపలు అలంకరించి ఊరూరూ తిప్పే పాతపంటల జాతర కూడా వాళ్ళదే. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరమన్నారు. పట్నంలో దుకాణాలకు బోర్డులు మారాయి, కొర్రలకు బియ్యం కంటే ఎక్కువ ధర వచ్చింది. మా అమ్మ కూర్చుని కాపాడిన గంపలోవి ఇప్పుడు అద్దాల సీసాల్లో ఉన్నాయి.

వాళ్ళ రేడియో సంగతి చెప్పకపోతే నా ప్రసంగం పూర్తికాదు. మాచ్నూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. నడిపినవాళ్ళు ఇద్దరూ నర్సమ్మలే – ఒకరు జనరల్ నర్సమ్మ, ఒకరు ఆల్గోల్ నర్సమ్మ. పుట్టింటికి పోయినప్పుడు ఒక సాయంత్రం మా వదిన రేడియో పెట్టింది. ఎవరో ఒకావిడ విత్తనం ఎట్ల దాసుకోవాల్నో చెబుతోంది. మా ఇంట్లో మాట్లాడుకునే మాటే, ముక్కకు ముక్క. నేను తినే ముద్ద ఆపేశాను.

ఎందుకంటే నాకు మొదటిసారి మైకు ముందు కూర్చునే అవకాశం వచ్చినప్పుడు, వారం రోజులు అద్దం ముందు నిలబడి "వచ్చిన" అనకుండా "వచ్చాను" అనడం సాధన చేశాను. "గట్ల" అనే మాట పొరపాటున రాకుండా నాలుక కరుచుకుని మాట్లాడాను. పదో తరగతి చదువు, పల్లెటూరి యాస – రెంటినీ కొంగు కింద దాచుకునే వచ్చాను, ఆ పిండి మూటను దాచినట్టే. నా కంటే తక్కువ చదివినావిడ ఆ పూట ఏదీ దాచకుండా మాట్లాడుతోంది. ఊరంతా వింటోంది.

2016లో అమ్మ పోయింది. దినాలయ్యాక అటక మీద గంప దింపాం. మా అన్న అప్పటికి నాలుగేళ్ళుగా పత్తీ, అల్లమూ వేస్తున్నాడు. అప్పులుండె, తప్పు పట్టను. గంపలో పచ్చజొన్న పుప్పి పట్టి ఉంది. చేతిలోకి తీసుకుంటే పిండి రాలింది. గుప్పెడు నానేసి గుడ్డలో కట్టి చూశాం, ఒక్కటీ మొలకెత్తలేదు. విత్తనం ఏటేటా మన్ను చూడాలట. అటక మీద పెట్టి మొక్కితే బతకదు.

అడగని వాళ్ళు లేరు. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది, అక్కడి చల్లగదుల్లో దేశదేశాల జొన్న రకాలు 30,000కు పైగా దాచారు. బస్సులో ఆ గేటు దాటినప్పుడల్లా మా అమ్మ రకం కూడా లోపల ఉండే ఉంటుందని అనిపిస్తుంది. కాని ఒక చీర కట్టుకున్న ఆడమనిషి గేటు దగ్గర నిలబడి, మా అమ్మ జొన్న ఇవ్వండయ్యా అని ఎట్లా అడుగుతుంది? చివరికి మా పక్క ఊళ్ళో సంఘంలో ఉన్న ఒక పెద్దమ్మ దగ్గర దొరికింది. నేను పర్సు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "పైసలెందుకు బిడ్డా, రెండు శేర్లు తెచ్చియ్యి" అంది. నాకు చేనెక్కడిదమ్మా, పట్నంలో ఉంటానన్నాను. "మీ వదినెకు లేదా?" అంది.

ఆ శేరు విత్తనం వదిన చేతిలో పెట్టాను. అన్న గొణిగాడు. పత్తి చేను గట్టు వెంట మూడు సాళ్ళ జాగా ఇచ్చాడు, అంతే. జొన్న, మధ్యలో కంది. పక్కన ఎవరూ జొన్న వెయ్యలేదేమో, చుట్టుపక్కల పిట్టలన్నీ ఆ మూడు సాళ్ళ మీదే పడ్డాయి. వదిన పొద్దునా సాయంత్రం డబ్బా కొడుతూ కాపలా కాసింది. చివరికి నాలుగు శేర్లు వచ్చాయి. రెండు పెద్దమ్మకు పోయాయి. ఒకటి గంపలోకి. ఒకటి పిండై ఎర్రమంజిల్ వచ్చింది. మూడో ఏటికి అన్న అరెకరం వదిలాడు.

చాలామంది అడుగుతుంటారు గనుక రొట్టె చేసే తీరు చెప్పి ముగిస్తాను. గోధుమలో ఉన్న సాగే జిగురు జొన్నలో లేదు. అందుకే చన్నీళ్ళతో కలిపితే విరిగిపోతుంది. నీళ్ళు బాగా మరిగించి, చిటికెడు ఉప్పు వేసి, పిండిలో పోసి గరిటెతో కలపండి. చెయ్యి పట్టే వేడికి వచ్చాక అరచేతి మడమతో నొక్కి నొక్కి మెత్తగా మెదపాలి. ఆ పని బద్ధకిస్తే అంచులు పగులుతాయి. ఒక్కసారికి ఒక్క రొట్టె పిండే మెదపండి. పొడిపిండి చల్లుకుని అరచేత్తో తడుతూ తిప్పాలి. పెంక మీద వేశాక పైన తడిగుడ్డతో నీళ్ళు రాసి, తడి ఆరగానే తిప్పెయ్యాలి. ఆ తర్వాత గుడ్డతో అంచులు అద్దితే పొంగుతుంది. పిండి కొత్తదై ఉండాలి. నెల రోజులది అయితే ఎన్ని విద్యలు చేసినా విరుగుతుంది.

మొదటి రొట్టె తీసుకుని నేను పక్క పోర్షనుకు వెళ్ళాను. పిన్నిగారికి ఇప్పుడు డెబ్బై దాటాయి, షుగరు. కంచంలో పెట్టి, "పిన్నిగారూ, ఆ రోజు పనిమనిషి కోసమని చెప్పానే, ఆ పిండి మాకోసమే తెచ్చింది మా అమ్మ" అన్నాను. ఆవిడకు ఆ రోజూ గుర్తులేదు, ఆ మాటా గుర్తులేదు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని, "మీ అమ్మాయి అమెరికా నుంచి ఎప్పుడొస్తోందీ?" అని వేరే మాట ఎత్తింది. కాసేపాగి, "ఇంకొకటి ఉందా? తొక్కు కొంచెం ఎక్కువ వెయ్యి" అంది.